తిరుగు ప్రశ్న

మా భాయిజాన్ ఊరికే నవ్వే మనిషి కాదు. 2014 ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున చాయ్ కప్పు కింద పెట్టి, నా వంక చూసి నవ్వి, తమ్ముడు అర్బాజ్‌కు ఇలాజ్, అదే వైద్యం, చేయిద్దామన్నాడు. వాడికి ఇరవై ఏడేళ్లొచ్చాయి, ఇన్నేళ్లూ గుర్తురాని ఇలాజ్ ఇవాళే ఎందుకు గుర్తొచ్చిందని అడిగాను. "తమ్మునికి మంచి జేద్దామన్నా నీకు షకేనా రుఖియా?" అన్నాడు. షకే మరి, అనుమానమే. అది నాకు పుట్టుకతో వచ్చిన గుణం. పాలవాడు రోజూ కంటే ఎక్కువ నవ్వితే, ఆ పూట పాలలో వేలు ముంచి చూస్తాను.

ఇంట్లో మేం మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ. నేను తెలుగు బడిలో చదువుకున్నదాన్ని కాబట్టి అన్నీ తెలుగులోకి తిప్పి చెబుతున్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మాది మేడ్చల్‌లో టెంట్ హౌస్. మా అబ్బా, అంటే నాన్న, పెట్టిన దుకాణం. ఆయన పోయాక పెద్దవాడు నసీరుద్దీన్ భాయిజాన్ చేతికొచ్చింది. మా ఆయన చనిపోయాక నేనూ పుట్టింటికే వచ్చి వంటా, అర్బాజ్ బాగోగులూ చూసుకుంటున్నాను. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా షామియానా మాదే, కుర్చీలు మావే, బిర్యానీ వండే దేగులూ మావే. ఆ దేగులు తోమేదీ, షామియానాలు మడతపెట్టేదీ అర్బాజ్. కానీ ఒక్క పెళ్లిలో కూడా వాడు కూర్చున్నది లేదు. నలుగురు కనబడితే చాలు, చెవులు మూసుకుని గోదాములో దేగుల వెనక్కి పోయేవాడు. ఎవరైనా సలాం చెబితే నోరు బిగుసుకుపోయేది. మాలో సలాం చెప్పినవాడికి తిరిగి సలాం చెప్పకపోవడమంటే చిన్న విషయం కాదు. కొందరు పొగరన్నారు, కొందరు పిచ్చన్నారు, మంచివాళ్లు సీదా పిల్లగాడన్నారు.

పట్నంలో ఒక పెద్ద డాక్టరు దాన్ని ఆటిజం అంటారని చెప్పాడు. అది రోగం కాదనీ, వాడి తీరే అంతనీ, నలుగురిలో పడే ఆ భయాన్ని మాత్రం తగ్గించవచ్చనీ చెప్పి అప్పటికే చాలా ఏళ్లయింది. భాయిజాన్ ఆ రోజు విని, లేచి, దుకాణం తెరవడానికి పోయాడు. అలాంటి మనిషి ఇప్పుడు కొంపల్లిలో ఎవరో మేడం ఉందనీ, కళ్లకు డబ్బా కట్టి భయం పోగొడుతుందనీ, అదీ ఉచితంగాననీ చెబుతుంటే నేను నమ్మాలా?

భాయిజాన్ బండి అర్బాజ్ ఎక్కడు. అందుకని తీసుకుపోయే పని నా మీద పడింది. మేడ్చల్ నుంచి బస్సు, కిటికీ పక్క సీటు వాడికి. కొంపల్లిలో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో లతా మేడం గది. ఏదో కాలేజీ తరఫున ఈ పని చేస్తోందట. బల్ల మీద కంప్యూటరు, దాన్నుంచి లావుపాటి వైరు, వైరు చివర నల్లటి డబ్బా. దాన్ని కళ్లకు కట్టుకుంటే ఇంకో చోట ఉన్నట్టే కనబడుతుందట. టీ కొట్టు, బస్టాండు, బ్యాంకు, అన్నీ అందులోనే. అక్కడి మనుషులు మనల్ని పలకరిస్తారు. మనం తడబడితే వాళ్లు నవ్వరు, విసుక్కోరు. అక్కడ అలవాటైతే బయట భయం తగ్గుతుందని ఆవిడ ఆలోచన.

"ఇది ఇంకా పరీక్షల్నే ఉన్నదక్కా. పనిజేస్తదో లేదో మాకు గూడ ఖాయంగ తెల్వది" అంది.

దాచేవాళ్లు ఒక రకం, ఇలా ముందే చెప్పేసేవాళ్లు ఇంకో రకం. నాకు రెండు రకాల మీదా అనుమానమే.

ముందు నాకు కట్టమన్నాను. కట్టారు. టీ కొట్టు, నిజంగా టీ కొట్టే. బల్ల మీద గ్లాసులున్నాయి, తల తిప్పితే గోడ ఉంది, కిందికి చూస్తే నా కాళ్లు మాత్రం లేవు. ఒక మగమనిషి నా వైపు తిరిగి, "నమస్కారం, బాగున్నారా?" అన్నాడు. నేను గబుక్కున దుపట్టా తల మీదికి లాక్కున్నాను, బొమ్మ ముందు. డబ్బా తీసేసరికి లత పెదవి కొరుక్కుంటూ గోడ వైపు చూస్తోంది. అర్బాజ్ మాత్రం నన్నే చూసి నవ్వుతున్నాడు. వాడి నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. నాకు ఇల్లు చేరేదాకా కళ్లు తిరిగాయి.

వాడికి కట్టే ముందు లత అడిగింది, ఇవాళ పెట్టుకుంటావా అని. వాడు మాట్లాడలేదు. పెట్టుకుంటాడు, కట్టండి అన్నాను. వాడి తరఫు జవాబులన్నీ ఎప్పుడూ నావే కదా.

"ఆయన చెప్పాలె అక్కా" అంది లత.

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే జవాబు రానట్టు. జర ఆగి మల్ల అడుగుత."

అలాగే కూర్చుంది. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, ఆవిడ మాత్రం కదల్లేదు. నాకు చూపించడానికి ఆడుతున్న నాటకం అనుకున్నాను. చాలాసేపటికి వాడు "హౌ" అన్నాడు. మా దక్కనీలో ఔననడం. కరెంటు ఇంకా రాలేదు. ఆ రోజుకు డబ్బా లేకుండానే ఇంటికొచ్చేశాం.

తర్వాతి వారాల్లో డబ్బా లోపల వాడు నేర్చుకున్నది పెద్ద విద్యేమీ కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పాలి, చెప్పి అదే మాట తిరిగి వాళ్లను అడగాలి, అడిగాక వాళ్లు చెప్పేదాకా ఆగాలి. వాళ్లకు కూడా చెప్పుకునేది ఏదో ఉంటుంది కదా అనేది లత. బ్యాంకులో ఎవరైనా తొందరపెడితే చెప్పడానికి ఒక వాక్యం నేర్పింది. "నాకు ఆటిజం ఉంది. జవాబు చెప్పడానికి కొంచెం టైం ఇవ్వండి." డబ్బాలో మనుషులందరూ టీవీ వార్తల తెలుగు మాట్లాడేవాళ్లు, వాడూ అదే పట్టుకున్నాడు. బస్సులో కిటికీ వైపు తిరిగి, "బాగున్నాను. మరి మీరు? భోంచేశాను. మరి మీరు?" అని గొణుక్కునేవాడు. దక్కనీ ఆ డబ్బాకు రాదు.

మా దుకాణానికి ఎదురుగా నర్సయ్య టీ హోటల్. ఏప్రిల్‌లో ఎలక్షన్ సభలకు మా కుర్చీలన్నీ బయటికి పోతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం నర్సయ్య చాయ్ తెచ్చి, ఎప్పటిలాగే జవాబు కోసం చూడకుండా, మంచిగున్నవా అర్బాజ్ అంటూ వెనక్కి తిరిగాడు.

"బాగున్నానండీ. మరి మీరు?"

నర్సయ్య గ్లాసు పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. ఊరంతా తెలంగాణ వచ్చిందన్న సంబరంలో ఉంటే మావాడు ఈ 'అండీ' ఎక్కణ్నుంచి మోసుకొచ్చాడని కుర్చీలెత్తేవాళ్లు పడిపడి నవ్వారు. నర్సయ్య నవ్వలేదు. ఏం జెప్పాలె బిడ్డా అని మొదలుపెట్టి తన మోకాళ్ల నొప్పులు, రాత్రి పట్టని నిద్ర, పసరు మందు, అల్లుడి నిష్ఠూరం అన్నీ చెప్పుకుంటూ పోయాడు. అర్బాజ్‌కు ఎలా ఆపాలో తెలియదు. ఆ పాఠం ఇంకా రాలేదు. నెత్తి మాడే ఎండలో నిలబడి చివరిదాకా విన్నాడు. నర్సయ్య కండువాతో కళ్లు తుడుచుకుని, తిరిగి చాయ్ పోయించుకొచ్చి ఇచ్చి పోయాడు.

నాకు సంతోషం పట్టలేదు, నిజం చెప్పాలంటే గర్వంగా కూడా ఉంది. ఆ ముచ్చట సాయంత్రానికి భాయిజాన్ చెవిన పడింది. వచ్చి వాడి భుజం తట్టి "షాబాష్" అన్నాడు. వాడు పక్కకు జరిగాడు, ముట్టుకుంటే వాడికి పడదు. ఆ సంగతి భాయిజాన్‌కూ తెలుసు. అంత ఖుషీగా ఉన్నాడంటే ఏదో మతలబు ఉందని నేను మళ్లీ మొదటికొచ్చాను.

మే నెలలో అది బయటపడింది. కొత్త చోటు తయారైందనీ, మీ పద్ధతుల ప్రకారం అందులో తప్పులేమైనా ఉంటే చెప్పమనీ లత ముందు నాకు కట్టింది. చూస్తే ఒక ఇంటి పెద్దగది, తివాచీ, గోడల వెంట మనుషులు. టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి నా వైపు వంగి, "ఈ సంబంధం మీకు ఇష్టమేనా?" అన్నాడు.

డబ్బా పీకేశాను. ఇది ఎవరు చేయమన్నారని అడిగాను. మీ అన్నగారే అంది. అర్బాజ్‌కు పెళ్లి కుదురుతోందనీ, వాడికి ఇష్టమేననీ, పిల్ల తరఫువాళ్లకు అన్నీ చెప్పామనీ, ఆ రోజు భయపడకుండా కూర్చుంటే చాలనీ అన్నాడట. లత నా మొహం చూసి ఆగిపోయింది. అర్బాజ్ వైపు తిరిగి, నీ పెండ్లి సంగతి నీకు తెలుసా అని అడిగింది. వాడు తెల్వదన్నాడు. ఆవిడ డబ్బాను బల్ల మీద పెట్టేసింది. అర్బాజ్‌ను అడగందే ఇది నడవదక్కా అంది. మొదటిసారి ఆవిడ మీద నా షక్ కొంచెం తగ్గింది.

ఇంటికొచ్చి భాయిజాన్‌ను నిలదీశాను. దాచలేదు. పిల్ల శామీర్‌పేట సుమేరా, బడిలో పంతులమ్మ. ఒకసారి కుదిరిన సంబంధం తప్పిపోయింది. తండ్రి లేడు, అన్న ఆసిం చేతిలోనే పెత్తనం. ఆ ఆసిం శామీర్‌పేట రోడ్డు మీద ఫంక్షన్ హాలు కట్టిస్తున్నాడు. అసలు సంగతి అదీ.

"ఇగ షామియానల కింద పెండ్లిల్లు ఎవరు జేస్తరు చెప్పు. గా హాల్ల మన కుర్చీలు, మన దేగులు నడిస్తెనే మన పొయ్యి ఎలుగుతది."

"వాళ్లకు అర్బాజ్ సంగతి చెప్పినవా?"

"జర సిగ్గరి అని చెప్పిన. గా ఒక్క దినం మనిషి లెక్క కూసుంటె సాలు."

మనిషి లెక్క. నా ఒళ్లు మండిపోయింది. రెండో దినం ఏం చేస్తావు అన్నాను. మోసం చేశారని వాళ్లు వాణ్ని గల్లా పట్టుకుంటే, వాడు చెవులు మూసుకుని ఏ మూలలో దాక్కుంటాడు? అక్కడ దేగులు కూడా ఉండవే. ఆ పిల్ల గతేమిటి? అన్నీ అడిగాను. భాయిజాన్ ఒకే ఒక్క మాట అన్నాడు. "నీ తర్వాత వాన్ని ఎవరు జూస్తరు రుఖియా?" నేను పడుకోబోయే ముందు రోజూ అనుకునే మాటే అది.

అర్బాజ్‌కు నేనే చెప్పాను. ఫోటో చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు. "ఈమె కిందికి చూస్తాంది. నన్ను చూస్తలేదు. మంచిగున్నది" అన్నాడు. పెళ్లి ఇష్టమేనా అంటే హౌ అన్నాడు, నేను ఊహించినంత సేపు కూడా ఆగకుండా. ఆ ఫోటో తీసుకుపోయి గోదాములో దేగు మూత మీద నిలబెట్టుకున్నాడు. వాడికీ ఒక ఆశ ఉంటుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇప్పుడు ఈ సంబంధాన్ని చెడగొట్టాలా, నోరు మూసుకోవాలా? అర్బాజే తన నోటితో లతను అడిగి ఆ కొత్త చోటు పెట్టించుకున్నాడు. వారాల తరబడి ఆ టోపీ పెద్దమనిషికి జవాబు చెబుతూనే ఉన్నాడు. నేను మాత్రం ఒకటి నిశ్చయించుకున్నాను. శామీర్‌పేట పోయిన రోజు ఆ పిల్లను పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, ఆ తర్వాత ఆమె ఇష్టం.

జూన్‌లో, రంజాన్ ఇంకా మొదలవకముందు పోయాం. ఆసిం వాళ్ల పెద్దగదిలో మగవాళ్లు, తలుపుకు పరదా, పరదా ఇవతల మేం ఆడవాళ్లం. సుమేరా ఫోటోలో లాగే తల దించుకుని కూర్చుంది. వేళ్ల మధ్య దుపట్టా అంచు నలుగుతోంది. పక్కన వాళ్ల ఖాలా, అంటే పిన్ని, అతుక్కుని కూర్చుంది. నీళ్లు కావాలన్నాను, ఖాలాయే తెచ్చింది. ఇల్లు చూస్తానన్నాను, ఖాలాయే వెంట వచ్చింది. ఒక్క నిమిషం దొరకలేదు. ఇది కావాలనే చేస్తున్నారని నాకు గట్టిగా అనిపించింది.

ఇంతలో ఖాలా సుమేరా గడ్డం పట్టుకుని, రిష్తా పసందేనా, సంబంధం నచ్చిందా అని అడిగింది. సుమేరా ఏమీ అనలేదు. చుప్ అంటే హౌ అన్నట్టేనని ఖాలా నవ్వింది, అందరూ మాషా అల్లా అన్నారు. మాలో అంతే. పిల్ల నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే. నా నిఖా నాడు నన్నూ ఇలాగే అడిగారు. నేను తల దించుకున్నది జవాబు వెతుక్కోవడానికి. వెతుక్కునే లోపలే అందరూ మిఠాయి తినేశారు. మా ఆయన చెడ్డవాడు కాదు, అది వేరే సంగతి.

పరదా సందులోంచి అర్బాజ్ కనబడుతున్నాడు. తెల్ల కుర్తా వేసుకుని మోకాళ్ల మీద వేళ్లు రుద్దుకుంటున్నాడు. ఆసిం అడిగాడు, అర్బాజ్ మియా, రిష్తా పసందేనా అని. వాడు మాట్లాడలేదు. ఆసిం మళ్లీ అడిగాడు. వాడికి బదులు జవాబు చెప్పడానికి భాయిజాన్ నోరు తెరిచాడు.

"నాకు ఆటిజం ఉంది. జవాబు చెప్పడానికి కొంచెం టైం ఇవ్వండి" అన్నాడు అర్బాజ్.

అందరూ ఉర్దూ మాట్లాడే ఇంట్లో ఆ టీవీ తెలుగు. భాయిజాన్ చేతి రుమాలు మొహం మీదే ఉండిపోయింది. అర్బాజ్ ఎవరి వైపూ చూడలేదు, తనకు కావలసినంత సేపు తీసుకున్నాడు.

"నాకు ఇష్టమే. మరి ఆమెకు?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆసిం మొహం అప్పటికే ఎర్రబడింది. అయినా మర్యాదకు, లోపల అడిగారు, చుప్‌గా ఉంది, అంటే హౌ అనేగా అన్నాడు.

"చుప్‌గా ఉంటే జవాబు రానట్టండీ. మళ్లీ అడగాలి."

నేలకేసి చూస్తూనే పరదా వైపు తిరిగాడు. "సుమేరా గారూ, నాకు ఇష్టమే. మరి మీకు?" అన్నాడు, ఆగాడు. ఖాలా సుమేరా చేయి గట్టిగా పట్టుకుంది. మగవాళ్లలో ఒకరు దగ్గారు, ఒకరు లేచి నిలబడ్డారు. వాడు ఆగే ఉన్నాడు. ఆగడంలో వాడితో ఎవరూ గెలవలేరు.

సుమేరా తలెత్తింది. నేను ఆమె కళ్లు అప్పుడే చూశాను. "నక్కో" అంది, మాకు మాత్రం వినబడేంత మెల్లగా. వద్దనడం అది. తర్వాత ఖాలా చేయి విడిపించుకుని, గొంతు పరదా దాటేటట్టు చెప్పింది. "నక్కో. మీరు మంచోల్లే అనిపిస్తాంది. గాని నాకు ఈ పెండ్లి నక్కో."

"సరేనండీ. చెప్పినందుకు థాంక్స్" అన్నాడు అర్బాజ్. లేచి, చెప్పులేసుకుని, బయట ఎండలో పోయి నిలబడ్డాడు.

తర్వాత లోపల జరిగింది చెప్పుకోవడానికి బాగుండదు. ఆసిం మా భాయిజాన్‌ను అనాల్సినవన్నీ అన్నాడు. భాయిజాన్ నన్నూ, వాణ్నీ వదిలేసి బండెక్కి పోయాడు. రంజాన్ కాకముందే వేరు పొయ్యి పెట్టుకున్నాడు. దుకాణం రెండు ముక్కలైంది, కుర్చీలు అటు, దేగులు ఇటు. ఎండాకాలం అయిపోగానే లత పరీక్షలూ అయిపోయాయి, డబ్బా కాలేజీకి వెళ్లిపోయింది. సుమేరా ఇప్పటికీ అదే బడిలో ఉందని విన్నాను.

కానీ ఆ రోజు ఆటోలో మేడ్చల్‌కు తిరిగొస్తుంటే నన్ను తొలిచింది ఇంకొకటి. ఆ గదిలో అడిగింది ఎవరు? మా అర్బాజా, వాడి నోట్లో దూరిన ఆ డబ్బానా? పెళ్లి కావాలని ఫోటో ముందు కూర్చున్నవాడు, ఆ పెళ్లి చెడిపోయే మాట తనంతట తాను అడుగుతాడా? నేర్పిన పాఠం అప్పజెప్పాడంతే అనుకున్నాను. అలా అనుకుంటే ఏడుపొచ్చింది. రింగ్ రోడ్డు పనుల దుమ్ము కళ్లలో పడిందన్నట్టు దుపట్టాతో ఒత్తుకున్నాను. వాడు పక్కన చెవులు మూసుకుని కూర్చున్నాడు.

బాధ అవుతోందా అని అడిగాను.

చేతులు తీశాడు. చాలాసేపటి తర్వాత హౌ, కొంచెం అన్నాడు. నేను కిటికీ లేని ఆ ఆటోలోంచి బయటికి చూస్తున్నాను. వాడు మళ్లీ మాట్లాడతాడనుకోలేదు.

"ఔర్ తుమ్‌కు, ఆపా?"

మరి నీకు, అక్కా? అని. టీవీ తెలుగులో కాదు, మా ఇంటి దక్కనీలో. ఆ డబ్బాకు రాని భాషలో.

నాకేముందిరా అన్నాను. అది జవాబు కాదని వాడికి తెలుసు. మోకాళ్ల మీద వేళ్లు పెట్టుకుని, నా చెప్పుల వైపు చూస్తూ ఆగాడు. వెనకటి నా నిఖా నాడు ఎవరూ ఆగనంత సేపు ఆగాడు. అప్పుడు మొదలుపెట్టాను, ఆ మిఠాయి దగ్గర్నుంచి. మేడ్చల్ వచ్చింది, ఆటో ఆగింది, ఆటో అతను దిగమన్నాడు. దిగి రోడ్డు పక్కన నిలబడి కూడా చెబుతూనే ఉన్నాను. ఎలా ఆపాలో వాడికి ఇంకా ఎవరూ నేర్పలేదు.